జీపు నెత్తిన ఉమ్మెత్త పువ్వు

మా ఆయన పోయాక నాకు మిగిలిన వాటిలో అన్నిటికన్నా పెద్దది జీపు. ఎప్పుడో మిలిటరీ వాళ్లు వాడి, వేలంలో వదిలేసిన బండి. ఆయన దానికి డీజిల్ ఇంజను వేయించి, కడోదరా సాంచాల దగ్గర బట్ట తానులెత్తుకుని సూరత్ మార్కెట్లో దించేవాడు. సాంచాలంటే మరమగ్గాలు, మా తెలంగాణ నేతవాళ్ల మాట అది. మట్టిబాటైనా, మోకాటి లోతు నీళ్లయినా ఆ జీపు ఆగేది కాదు. ఆగితే ఆయనే తిట్టేవాడు, మళ్లీ ఆయనే నిమిరేవాడు. ఆయన తర్వాత నా తమ్ముడు నడిపాడు. నేను సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఒక షెడ్డులో కండెలు చుట్టే మిషన్ మీద పనిచేసేదాన్ని.

నా గొంతు గీసుకుపోయి ఉంటుంది. కొత్తవాళ్లు జలుబు చేసిందా అని అడుగుతారు. అది షెడ్డు ఇచ్చిన గొంతు. సాంచాలు నడుస్తుంటే గట్టిగా అరిచినా లాభం ఉండదు. వాటి మోత బరువుగా కింద పరుచుకుని ఉంటుంది. ఆ మోత పైన సన్నని సందు ఒకటి ఉంటుంది. మాటను ఆ సందులోంచి పంపాలి. ఇది ఎవరూ నేర్పరు. నెల రోజులు పనిచేస్తే అదే వస్తుంది, గొంతు మాత్రం పోతుంది.

మా గల్లీలో ఉన్నవన్నీ నేత కుటుంబాలే. బతుకమ్మ మాకు పెద్ద పండుగ. మాది అమావాస్య నాడు మొదలైతే పక్క గల్లీలో గుజరాతీ వాళ్ల గర్బా మర్నాడు మొదలవుతుంది. ఊళ్లో అయితే పొద్దు గుంకక ముందే ఆడుకుంటాం. ఇక్కడ షిఫ్టు దిగి, వంట చేసి, ఆడవాళ్లు బయటికి వచ్చేసరికి గర్బా వాళ్ల పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలు ధనధనమని మొదలయ్యేవి. మా బతుకమ్మకు చప్పట్లూ గొంతులూ తప్ప వాద్యం లేదు. నేను చెప్పబోయే పండుగకు ముందటి ఏడాది మూడో రోజుకే పాట ఆగిపోయింది. పాట ఎత్తుకునే మనిషి ఏమంటుందో వెనక అందుకునేవాళ్లకు వినపడలేదు. సగం మంది గర్బా చూడటానికి వెళ్లిపోయారు.

మా ఆయనకు మేనత్త ఉండేది. గల్లీ అంతా పెద్దత్త అనే పిలిచేది. పండుగ పద్ధతులన్నీ ఆమె చేతిలోనే. ఆ రోజు బతుకమ్మలను ఎత్తించేసి ఆమె ఒక మాట చెప్పింది.

"వచ్చేసారి గూడ గిట్లనే అయితే ఎవ్వలింట్ల వాళ్లు పేర్చుకోని నీళ్లల్ల ఏసుకుందాం. మూగోళ్ల లెక్క చుట్టు తిరుగుడు ఎందుకు?"

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. అప్పటికి నేను ఆ చుట్టులో లేను కూడా. మా వాళ్లలో మొగుడు పోయిన మనిషి బతుకమ్మ చుట్టూ తిరగదు. ఎవరూ వద్దని చెప్పరు, ఎవరూ రమ్మని పిలవరు. ఆయన ఉన్నప్పుడు పాట ఎత్తుకునేది నేనే. ఆయన పోయాక అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. వాళ్లు ఒక చరణం మరిచిపోతే నా నోట్లో అది తిరుగుతూ ఉండేది.

ఎన్నికల రోజుల్లో ఒకసారి మా షెడ్డు ముందు నుంచి ఆటో వెళ్లింది. దాని పైన పొడుగాటి రేకు గొట్టం. లోపల సాంచాలు ఊగిపోతున్నాయి, అయినా ఆటోలో మనిషి చెప్పే ప్రతి మాటా వినపడింది. నేను కండె చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. గర్బా పెట్టెలు అంత పెద్దవి, ఈ గొట్టం ఇంతే ఉంది. మరి దీని మాట ఎలా దూరింది? ఆ రాత్రి నిద్రపోయేదాకా అదే ఆలోచన. మర్నాడు తమ్ముణ్ణి అడిగాను.

"మన జీపుకు అసొంటిది పెట్టొచ్చారా?"

"జీపుకా? అక్కా, ఓట్లకు నిలవడ్తున్నవా ఏంది?"

"నిలవడ్తే నువ్వేస్తవా?"

"నేనెయ్య. గెలిస్తే నన్ను ఇంకింత సతాయిస్తవు."

జీపులో అప్పటికే పాత టేపు ఒకటి ఉంది. స్టీరింగు పక్కన ఇరికించినది, ఒకటే స్పీకరు. బండి గుంతలో పడితే పాట పాడేవాడికి ఎక్కిళ్లు వచ్చేవి. తమ్ముడు నన్ను అమ్రోలిలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. ముసలాయన. అందరూ కాకా అంటారు, నేనూ అలాగే పిలిచాను. దుకాణం నిండా విప్పేసిన రేడియోలు. ఆయన హిందీలో మాట్లాడితే నేను నాకు వచ్చిన హిందీలో మాట్లాడాను.

కాకా ఒక స్పీకరును విప్పి బల్ల మీద పెట్టాడు. లోపల ఇనుప భూతం ఏదో ఉంటుందనుకున్నాను. నల్లని కాగితపు గిన్నె ఉంది, అంతే. దాని అడుగున అయస్కాంతం.

"ఇంతేనా?" అన్నాను.

"ఇత్నా హీ హై, బేన్. హాథ్ లగావో," అన్నాడు.

వేలు పెట్టి చూశాను. పాట వస్తుంటే కాగితం నా వేలి కింద వణికింది. నా చీర కొంగుకు ఎప్పుడూ నూలు పోగులు అంటుకుని ఉంటాయి. ఒక పోగు తీసి ఆ గిన్నెలో వేశాను. పోగు లేచి గంతులు వేసింది. బరువు మోతకు పొడుగ్గా ఎగిరేది, సన్నని గొంతుకు ఉన్నచోటే గడగడలాడేది. సాంచాలు నడిచేటప్పుడు మా షెడ్డులో గ్లాసులో నీళ్లు కూడా ఇలాగే వణుకుతాయి. అంటే చప్పుడంటే వణుకే. ఇన్నేళ్లూ ఆ వణుకు మధ్యే బతికి, నాకది అప్పుడు తెలిసింది. ఇంకో పోగు వేశాను. కాకా నవ్వుతూ టీ తెప్పించాడు.

జీపు వెనక రెండు పెద్ద పెట్టెలు పెడతానన్నాడు కాకా. గర్బా వాళ్ల మోతకు మోతే జవాబు అన్నాడు. నేను వద్దన్నాను. తమ్ముడు విసుక్కున్నాడు.

"ఆయనకు తెల్వదా అక్కా, నీకు తెలుసా?"

"డప్పు మీద డప్పు కొడితే ఏమినవడ్తదిరా? డప్పు మీద సన్నాయి ఊదితే ఇనవడ్తది. నాకు గొట్టమే కావాలె."

తమ్ముడు ఆ మాటను హిందీలో చెప్పాడు. కాకా నా వైపు తిరిగి, ఏ కంపెనీలో పనిచేస్తావని అడిగాడు. సాంచాల షెడ్డులో కండెలు చుడతానంటే తల ఊపి, అటక మీద నుంచి గొట్టం దించాడు.

పాత టేపు తీసేసి కొత్తది బిగించాడు. సీటు కింద ఆంప్లిఫయర్ పెట్టాడు. మన గొంతు చిన్నగా వస్తే దాన్ని పెద్దది చేసే పెట్టె అది. దానికో మైకు తగిలించాడు. జీపు నెత్తి మీది ఇనుప కమ్మీకి గొట్టం బిగిస్తే అచ్చం ఉమ్మెత్త పువ్వులా ఉంది. బతుకమ్మలో ఎన్నో పూలు పేరుస్తాం గానీ ఉమ్మెత్త పేర్చం. అది చూసి పెద్దత్త ఏమంటుందో అనుకుంటూ ఇంటికి వచ్చాను.

అమావాస్య నాటి పొద్దున నేనూ తమ్ముడూ గునుగు పూల కోసం కడోదరా అవతల కాలువ గట్టు మీదికి వెళ్లాం. ఆ గట్టు మీద ఇంకే బండీ వెళ్లలేదు. మనుషులెవరూ లేరు కదా అని మైకు ఆన్ చేసి "హలో" అన్నాను. గొట్టంలోంచి నా హలోతో పాటు కుయ్యిమని ఇంకో గొంతు వచ్చింది. పిశాచి ఏడ్చినట్టు. పొలంలో కొంగలన్నీ లేచిపోయాయి.

"మైకు ఖరాబున్నది. అమ్రోలికి పోదాం," అన్నాడు తమ్ముడు.

"సాయంత్రమే పండుగ. ఆగు. జర రేసియ్యి."

రేసు ఇస్తే కుయ్యి పైకి లేచింది. వదిలితే దిగింది. ఇంజను ఆపితే పూర్తిగా పోయింది. అంటే తప్పు మైకుది కాదు, ఇంజను దగ్గర పుట్టిందేదో తీగలోకి దూరుతోంది. సీటు ఎత్తి తీగలను వేళ్లతో తడుముతూ పోయాను. బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ, మైకు సన్న తీగ, రెండింటినీ కలిపి ఒకే కట్టగా టేపు చుట్టి ఉంది. మా మిషన్ మీద రెండు పోగులు ఒకే కంటిలోంచి పోతే ఒకదాని నూగు ఇంకోదానికి అంటుకుంటుంది. కట్ట విప్పి, సన్న తీగను బండి ముందు అద్దం పైనుంచి తిప్పి రెండో పక్కకు తెచ్చాను. కుయ్యి సగం తగ్గింది.

"ఇంకేడ వస్తుందిరా?"

"నాకేం తెలుసు? నువ్వే కదా ఇంజనీరువు."

నల్ల తీగను బండి ఒంటి ఇనుముకే బిగించాలని కాకా చెప్పింది గుర్తొచ్చింది. చూస్తే ఆయనే దాన్ని తుప్పు మీద బిగించేశాడు. తుప్పు మీద రంగు, రంగు మీద మళ్లీ తుప్పు. మా ఆయన వేయించిన నీలం రంగు కింద మిలిటరీ రంగు కనపడింది. గునుగు కోసే కొడవలితో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాను. తీగ మళ్లీ బిగించి హలో అన్నాను. దోమ పాటంత మిగిలింది. దోమతో మాకు అలవాటే.

ఆ సాయంత్రం గర్బా లేదు కాబట్టి మైకు అవసరం పడలేదు. అయినా ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకుని, ముసిముసిగా నవ్వి పక్కదానికి ఇచ్చేశారు. పెద్దత్త గొట్టాన్ని కింది నుంచి మీదికి చూసింది.

"గిదేందే, ఉమ్మెత్త పువ్వు తెచ్చి నెత్తిన వెట్టినవ్?"

"పేర్చమనలేదు అత్తా. మీదనే ఉంటది."

మర్నాడు గర్బా పెట్టెలు మొదలయ్యాయి. ఎవరైనా మైకులో పాడతారని నేను అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా అంటే ఏమో, ఇప్పటికీ నాకు తెలియదు. ఒకామె పట్టుకుంది. షెడ్డుకు వెళ్లని మనిషి, మెత్తని గొంతు. గొట్టంలోంచి వచ్చినా ఆ గొంతు ధనధనలో కలిసిపోయింది. చప్పట్లు తప్పాయి. రెండు చుట్లు తిరిగేసరికి చుట్టు నిలిచిపోయింది. మైకు తిరిగి జీపులోకి వచ్చింది. బ్యాటరీ దిగిపోకుండా తమ్ముడు ఇంజను నడుపుతున్నాడు, పక్క సీటులో నేను.

"ఇగ ఆపుండ్రి," అంది పెద్దత్త. "ఎత్తుండ్రి బతుకమ్మలను."

ఒకరిద్దరు వంగారు కూడా. వాళ్లు ఎత్తితే ఇక ఆ ఏడాదే కాదు, మా గల్లీలో మళ్లీ పాట ఉండదు. నేను దిగలేదు. చుట్టు వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని, ఎదురుగా అద్దంలోకి చూస్తూ, మోత పైన ఉండే ఆ సందు ఎక్కడుందో విన్నాను. దొరికింది. ఆగిపోయిన చరణం తర్వాతి చరణం అందులోంచి పంపాను.

నా గీసుకుపోయిన గొంతు గల్లీ చివరిదాకా వెళ్లి గోడకు తగిలింది. తర్వాత ఒక చప్పట వినపడింది. తర్వాత అందరివీ. "ఉయ్యాలో" అని వెనక అందుకున్నారు. జీపు వైపు ఎవరూ తలతిప్పలేదు. నేనూ వాళ్లను చూడలేదు. పాట గొట్టం నుంచి వస్తోంది, అంతే.

ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు బతుకమ్మలను జీపుకు ఇంకో నాలుగడుగులు దగ్గరగా పెట్టారు. అయిదో రోజు ఎవరో నా సీటులో బెల్లం నీళ్ల చెంబు పెట్టి వెళ్లారు.

తొమ్మిదో రోజు బతుకమ్మలను తాపీ నదికి తీసుకెళ్లాలి. మెయిన్ రోడ్డు దాకా నడక, అక్కడి నుంచి టెంపోలు. పాట అందరికీ అందాలంటే జీపు ముందు పోవాలి, గొట్టం వెనక్కి తిరగాలి. తమ్ముడు అలాగే తిప్పి బండిని ముందుకు తెచ్చాడు. పెద్దత్త వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ఆపింది.

"మొగడు లేనిదానివి. పండుగ ముంగట నువ్వు నడుస్తవా?"

"నేనేడ నడుస్తున్న అత్తా? కూసున్న. బండి నడుస్తుంది."

"మాటలకేం తక్వ లేదు నీకు."

ఆమె అక్కడే నిలబడింది. వెనక తలల మీద బతుకమ్మలు పెట్టుకుని అందరూ ఎదురు చూస్తున్నారు. దిగమంటే దిగేదాన్నే. మైకు ఒడిలో పెట్టుకున్నాను. పెద్దత్త మోకాళ్లు రెండేళ్లుగా బాగాలేవు. కాసేపు ఈ కాలి మీదా, కాసేపు ఆ కాలి మీదా బరువు మార్చి, చివరికి చెయ్యి చాపింది.

"జరుగు. నేను నడువలేను."

తమ్ముడు లాగితే ఎక్కి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, రహస్యం చెబుతున్నాననుకుని చెప్పింది. ఆమె ఇరుక్కోవడంలో నా ఒడిలో మైకు మీట ఆన్ అయిందని ఆమెకు తెలియదు, నేనూ చూసుకోలేదు.

"ముడుసుకోని కూసున్నవేందే? ఎత్తుకో. నీకు తప్ప ఎవ్వలికొస్తయి గివన్నీ?"

ఆ మాట జీపు నెత్తి మీది నుంచి గల్లీ అంతా మోగింది. వెనక ఆడవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. పెద్దత్త ఉలిక్కిపడి పైకి చూసింది, తర్వాత ఒడిలోకి చూసింది.

"గిది ఇంటుందా?"

"ఇంటుంది అత్తా."

ఆమె మైకు వైపు కోపంగా చూసి, తమ్ముడి భుజం మీద కొట్టింది.

"పోనియ్యిరా మరి. పొద్దుగూకుతుంది."

తమ్ముడు గేరు వేశాడు. నేను ఎత్తుకున్నాను.