టీచర్ చదివిన నాలుగు పాఠాలు

పోయిన నెలలో ఒక ఉదయం దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. మా సోషల్ టీచర్ చెల్లెలు. "అక్క పొద్దుగాల పోయింది బిడ్డా" అని, ఇంకేమీ చెప్పలేక ఆగిపోయింది. బండి మీద కాశిబుగ్గలోని టీచర్ ఇంటికి పోతుంటే టీచర్ లేరన్న మాట ఒంటబట్టలేదు. దారంతా ఊరికే హారన్ కొడుతూ పోయాను.

టీచర్ నాకు హైస్కూల్లో మూడేళ్ళు పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేయడం మొదలుపెట్టారు. నేను హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేస్తానని తెలిసి వెతుక్కుంటూ వచ్చారు. ల్యాప్‌టాప్‌లో తన గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉందని ఆవిడ బాధ. చేతిసంచిలో పట్టే చిన్న యూఎస్‌బీ మైకు ఒకటి తెప్పించి ఇచ్చాను.

ఆ రోజు నుంచి ఇద్దరికీ తిప్పలే. మైకు వైరు పెట్టినా ల్యాప్‌టాప్ తన లోపలి మైకునే పట్టుకునేది. గంటసేపు చదివాక వింటే ఫ్యాన్ చప్పుడులో గొంతు మునిగిపోయి ఉండేది. ఎండాకాలంలో ఫ్యాన్ బంద్ చేసి, కిటికీలు మూసి, చెమటలు తుడుచుకుంటూ మళ్ళీ చదివేవారు. కుక్కర్ కూత పడినా, కూరగాయల ఆటో అరిచినా ఆ పేజీ మొదటికి వచ్చేది. ఆదివారాలు పిల్లలతో ఆన్‌లైన్ కాల్. ఇయర్‌ఫోన్ పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోయేవారు. పిల్లల మాట పిల్లలకే రెండుసార్లు వినబడేది. సగం కాల్ "వినబడుతుందా?" తోనే అయిపోయేది.

ఒకసారి విసుగొచ్చి, కొంచెం చప్పుడు పడితే ఏమవుతుంది, వదిలేయండి టీచర్ అన్నాను.

"కండ్లున్నోళ్ళకు అచ్చు మసకగుంటే ఇంకో పుస్తకం తీసుకుంటరు. ఈ పిల్లలకు నా గొంతే అచ్చు బిడ్డా. ఇంకోటి లేదు."

కాల్‌లో మ్యాపు వస్తే పిల్లలను ఎడమ అరచెయ్యి చాపమనేవారు. ఏ వేలి పక్క నుంచి గోదావరి పారుతుందో, కృష్ణ ఎటు మళ్ళుతుందో చెప్పి, అంతా వేలితో గీసుకునేదాకా ఆగేవారు.

ఈ చలికాలం ఆయాసం ఎక్కువైంది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక, పదో తరగతి పుస్తకంలో మిగిలిన నాలుగు పాఠాలు పట్టుకున్నారు. మొదటి దానికి కూర్చున్న మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. ఎదురుగా గిరాకీ వచ్చి నిలబడి ఉంది.

"మైకు మీద లైటు ఎర్రగుంది. ఎప్పుడూ పచ్చగుంటుండె. మంచిగనే ఉన్నట్టా?"

"లైటుంటే పనిచేస్తున్నట్టే టీచర్. ఏదీ ముట్టుకోకుండా చదవండి" అని పెట్టేశాను.

దహనం అయిన నాలుగో రోజున ఆవిడ చెల్లెలు ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టింది. పిల్లలకు పంపమని అక్క మరీ మరీ చెప్పిందన్నది. దుకాణంలో తెరిచి చూశాను. నాలుగు పాఠాలున్నాయి, ఒక్కొక్కటి ముప్పావుగంట పైనే. ఒక్క మాట లేదు. మైకు పైనున్న మ్యూట్ బటన్‌కు చెయ్యి తగిలి మైకు మూసుకుపోతే వెలిగేదే ఆ ఎర్ర లైటు. అదివరకు చదివిందంతా ఒకసారి విని చూసుకునేవారు, ఈసారి ఆ ఓపిక లేదు. సౌండ్ పెంచాను, నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ వేశాను. లోపలికే పోని గొంతును ఎక్కడి నుంచి తెస్తాను? దిండు ఆనించుకుని కూర్చుని చదివేదని, చదివినంక బువ్వ తినే బలం కూడా ఉండేది కాదని చెల్లెలు చెప్పిన మాట తలలోంచి పోలేదు. మైకును నేలకేసి కొట్టాలనిపించింది. తప్పు దానిది కాదు.

ఆదివారం కాల్‌లో టీచర్ బదులు నేను కూర్చున్నాను. పది చదివే అమ్మాయి మిగిలిన పాఠాలు ఎప్పుడొస్తాయని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నా ఫోన్ మాటతో సహా. 

"అయితే మీరు చదువుండ్రి సార్" అంది ఆ అమ్మాయి. "జర నెమ్మదిగ."

టీచర్ పుస్తకం ఆవిడ చెల్లెలిని అడిగి తెచ్చుకుని ఆ నాలుగు పాఠాలు తీశాను. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడల్లా పెన్సిల్‌తో చిన్న ఏటవాలు గీత పెట్టుకున్నారు. మొదటి పాఠంలో వాక్యానికొకటి. తర్వాతి దాంట్లో వాక్యం మధ్యలో కూడా. ఆఖరి పేజీకి వచ్చేసరికి మాటమాటకూ ఒక గీత.