నాయనమ్మ ఎక్కిన ట్రాక్టర్

మా దీవిలోని బాంబూఫ్లాట్ జెట్టీలో డీజిల్ వాసన తగిలితే నాకు మా నాయనమ్మే గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు నాన్న కొత్త ట్రాక్టర్ కొన్నాడు. "కొత్త ఇంజిన్ భయ్యా, కొన్నాళ్లు ఖాళీగానూ తిప్పకు, బరువులూ వెయ్యకు. హల్కా లోడ్ చాలు," అన్నాడు మెకానిక్. మర్నాటి నుంచి నాన్న ట్రాలీలో కాసిని ఇటుకలు వేసి, వాటి మధ్య కుర్చీలో నాయనమ్మను కూర్చోబెట్టి, హోప్ టౌన్ దాకా తిప్పుకొచ్చేవాడు. కొడుకంటే ఇలా ఉండాలని ఊరంతా మెచ్చుకుంది. ట్రాక్టర్ కొన్నదే ఆవిడ షికారు కోసమనుకుని, నన్ను ఎక్కించనందుకు నేను అన్నం మానేశాను.

ఒకరోజు ఇసుక లోడుకు బయల్దేరుతూ, ఇక షికారు లేదని ఆవిడకెలా చెప్పాలో తెలియక నాన్న నసుగుతున్నాడు.

"ఇంజిన్ కుదురుకుందేట్రా?" అంది నాయనమ్మ.

నాన్న తలూపాడు.

"అయితే ఆ కుర్చీ దించీ. నా నడుం ఇరిగిపోనాది."

ఊళ్లోవాళ్లకు మాత్రం, కొడుకు షికారు తిప్పాడనే చివరిదాకా చెప్పుకుంది.