నల్ల గొర్రెపిల్లకు స్నానం

మొన్న శనివారం మొదటి షిఫ్టు విడిచిన వేళకు నేను ఒంటిమీద చిరిగిన బనీనుతో గోదావరిఖని మెయిన్ రోడ్డు వెంట నడిచిన మాట నిజమే. చూసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఖండించే వీలు లేదు. నన్నెవరూ దోచుకోలేదు. నేను కల్లు దుకాణం నుంచి రావడం లేదు. ఇంట్లో గొడవా జరగలేదు. టీ హోటల్లో ఈ మూడు కథలూ నడుస్తున్నాయని తెలిసింది గనుక అసలుది నేనే చెబుతున్నాను. దీనికంతటికీ మూలం ఒక గొర్రెపిల్ల.

ముందు ఒక సంగతి. అంతకు ముందు వారమే, నేను విలేకరిగా ఉన్న పేపర్లో నేను పంపిన వార్త ఒకటి వచ్చింది. డ్యూటీ దిగిన కార్మికులు చొక్కాలు లేకుండా, తువ్వాల భుజాన వేసుకుని మెయిన్ రోడ్డు మీద తిరుగుతున్నారనీ, ఆడపిల్లలు నడిచే దారిలో ఇది శోభించదనీ రాశాను. ఆ చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. ఇంట్లో చదివి వినిపించాను కూడా.

ఇక గొర్రెపిల్ల. పట్నం నుంచి వచ్చిన మా బావమరిది కొడుకు, అక్కడి జూలో జింకపిల్లను చేత్తో తాకానని మా సుజాతతో చెప్పి పోయాడు. అప్పటినుంచి అమ్మాయికి నిద్ర లేదు. పట్నం తీసుకుపోవడానికి నాకు తీరిక లేదు. "జింకపిల్ల ఏముంది, అందకుండ ఉరుకుతది. నీకు ఒళ్లో కూసుండే పిల్లను చూపిస్త" అని మాటిచ్చాను. శనివారం ఒంటిపూట బడి కాగానే సుజాతనూ, పక్క క్వార్టర్ లక్ష్మినీ వెంటబెట్టుకుని ఐలవ్వ గొర్రెల దొడ్డికి బయలుదేరాను. లక్ష్మి వాళ్ల నాన్న బొగ్గుబాయిలో పనిచేస్తాడు.

ఐలవ్వ దొడ్డి రైలు వ్యాగన్లకు బొగ్గు నింపే చోటికి దగ్గర. ఆమె భర్త ఓదెలుది మొదటి షిఫ్టు. గొర్రెలు మాత్రం పూర్తిగా ఆమెవి. మేం వెళ్లేసరికి ముందురోజే ఈనిన గొర్రెను గుంజకు కట్టి, పిల్లను దాని పక్కన వదిలింది.

"చూసుకోండ్రి సారు. నేను మందను నీళ్లకు తోల్కపోయొస్త. పిల్లతోని జర పైలం. పోయినసారి ఈనింది దక్కలే దీనికి" అని చెప్పి వెళ్లింది.

నేను పిల్లను ఎత్తుకుని అమ్మాయిల ముందు కూర్చున్నాను. ఆ రోజు నేను వేసుకున్నది తెల్లటి టెరిలిన్ చొక్కా, మా బావమరిది పెట్టింది. పిల్ల నా భుజానికి ముక్కు ఆనించి, జేబు తడిసేలా తృప్తిగా మూత్రం పోసింది. జూలో ఈ సౌకర్యం ఉండదు.

సుజాత చెయ్యి చాపింది. లక్ష్మి దాన్ని పట్టి వెనక్కి లాగింది.

"ముట్టకు. తానం కాలే దానికి. చూడు, ఒళ్లంత బొగ్గే."

"గొర్రెకు తానమేంది?" అంది సుజాత.

"మా బాపు డ్యూటీ దిగి వస్తే తానం చేసేదాక తమ్మున్ని ఎత్తుకోనియ్యది మా అమ్మ. బాపుకే లేంది గొర్రెకుంటదా?"

కాలనీలో ఏ ఇంట్లోనైనా ఉన్న నియమమే అది. తిరుగులేని వాదన. పిల్లను చూశాను. నిజంగానే కాళ్ల నుంచి చెవుల దాకా నల్లగా ఉంది, చెయ్యి వేస్తే మసి అంటుతోంది. శుభ్రత గురించి పేపర్లో రాసినవాణ్ని, కాదని ఎట్లా అంటాను?

ఓదెలు స్నానం చేసే బండ పక్కన తొట్టిలో నీళ్లున్నాయి. కంపెనీ ఇచ్చే ఎర్ర సబ్బు ఉంది. ఇంకా తడవకూడదని చొక్కా విప్పి కంచె మీద ఆరేశాను. అమ్మాయిలు నీళ్లు పోస్తుంటే నేను రుద్దాను. నల్లటి నీళ్లు పారాయి. పిల్ల మాత్రం నల్లగానే ఉంది. సబ్బు సరిగ్గా పట్టలేదనుకుని మళ్లీ రుద్దాను. ఈసారి నీళ్లు తేటగా పారాయి, పిల్ల ఇంకా నల్లగానే ఉంది. అది పుట్టుకతోనే నల్లదని అప్పుడు తేలింది. తల్లి కూడా నల్లదేనన్న విషయం అంతసేపూ నా కళ్ల ముందే ఉంది.

బండ మీది తువ్వాలతో తుడిచి పిల్లను తల్లి దగ్గర వదిలి, చొక్కా తొడుక్కున్నాను. పిల్ల పొదుగు కిందికి దూరింది. గొర్రె వంగి వాసన చూసి, తుమ్మి, తలతో ఒక్క తోపు తోసింది. పిల్ల పడి, లేచి మళ్లీ వెళ్లింది. మళ్లీ తోసింది. సుజాత నా వేలు పట్టుకుంది.

ఐలవ్వ వచ్చేసరికి పిల్ల అరిచి అరిచి అలిసిపోయింది. ఆమె దాన్ని ఎత్తి మెడ దగ్గర వాసన చూసింది.

"సబ్బు రుద్దిండ్రా?"

"అవును" అన్నాను.

"ఎర్రదేనా?"

"ఎర్రదే."

"ఆ సబ్బు రుద్దుకుంటే నా మొగన్నే నేను గుర్తుపట్ట. గొర్రె ఎట్ల పడ్తది సారు?" ఆమె నవ్వలేదు. "పొద్దూకేదాక పాలు తాగకుంటే ఇది దక్కది."

గొర్రె పాలు పిండి పిల్ల వీపున రాసింది. గొర్రె ఒకసారి నాకి, సబ్బు తగలగానే మొహం తిప్పుకుంది. లక్ష్మి రెండు చేతుల నిండా బొగ్గు పొడి తెచ్చి పిల్లకు పూసింది. సబ్బూ బొగ్గూ కలిసిన వాసన దానికి మరీ కొత్త. ఈసారి తన్నింది కూడా. సుజాత ఏడవడం మొదలుపెట్టింది. "బాపు, మనం జింకనే చూడవోతే బాగుండు" అంది.

గొర్రెను కదలకుండా పట్టుకుందామని నేను దగ్గరికి వెళ్లాను. అది నా జేబు దగ్గర ముక్కు పెట్టి ఆగిపోయింది. తరువాత గొంతులోనే చిన్నగా పలికి, నా చొక్కా నాకడం మొదలుపెట్టింది. నేను వెనక్కి జరిగాను. తాడు అందినంత దూరం వెంట వచ్చింది. పక్కకు తిరిగాను. అదీ తిరిగి, తన పొదుగు నా మోకాలికి ఆనించి నిలబడింది.

ఐలవ్వ కాసేపు చూసింది. "పిల్ల దొరికింది దానికి" అంది. "ఇగ మోకాళ్ల మీద కూసో సారు. ఆలస్యమెందుకు?"

"ఐలవ్వా, నవ్వులాట కాదు."

"నవ్వులాట ఎవలకు? అంగి ఇప్పు."

"ఇది టెరిలిన్."

"దానికేం ఎరుక టెరిలినో గొంగడో. ఇప్పు."

విప్పాను. ఐలవ్వ దాన్ని పిల్లకు చుట్టి, చేతులు రెండూ పొట్ట కింద ముడి వేసింది. జేబు సరిగ్గా తోక దగ్గరికి వచ్చింది. గొర్రె ఆ జేబును వాసన చూసింది, నాకింది, మళ్లీ చూసింది. పిల్ల పొదుగు కిందికి దూరింది. చొక్కా కింద నుంచి తోక కొస ఆడడం మొదలైంది. సుజాత నోరు రెండు చేతులతో మూసుకుంది. నేనూ కాస్త అటు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి చెయ్యి చాపాను. ఐలవ్వ నా చెయ్యి పక్కకు నెట్టింది. "ఇప్పుడే ఇప్పుతవా? సబ్బు వాసన పోయేదాక ఉండాలె. నీకు ఇంట్ల ఇంకోటి లేదా?"

ఉంది. కాని అది ఇంట్లో ఉంది.

మేం మెయిన్ రోడ్డు ఎక్కేసరికి సైరన్ మోగింది. షిఫ్టు విడిచింది. నల్లటి మనుషులు, సైకిళ్లు, రోడ్డు నిండా. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఒక్కొక్కరే సైకిల్ నెమ్మది చేసి చూసి, గంట కొట్టి పోతున్నారు. ఎదురుగా ఓదెలు వచ్చాడు. చొక్కా లేదు, భుజాన తువ్వాల. నన్ను చూసి సైకిల్ దిగాడు. నా బనీను చిరుగును చూశాడు. నా వెంట ఉన్న అమ్మాయిలను చూశాడు. తువ్వాల తీసి ఎంతో మర్యాదగా నా భుజాల మీద కప్పాడు.

"కప్పుకో సారు. ఆడపిల్లలు నడిచే తొవ్వ."

ఇంటికి చేరేసరికి ఆ తువ్వాల మసి నా మెడకూ బనీనుకూ సమంగా అంటింది. మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది. ఏం జరిగిందని అడగలేదు. "తానం చేసేదాక లోపల అడుగుపెట్టకుండ్రి" అని ఎర్ర సబ్బు చేతికిచ్చింది.

నిన్న ఐలవ్వ చొక్కా ఇచ్చి పంపింది. ఉతికించింది. సాయంత్రం అది తొడుక్కుని అమ్మాయిలతో దొడ్డికి వెళ్లాను. పిల్ల తల్లి వెంట గంతులేస్తోంది, బొగ్గు మసిలో మునిగి మంచి ఆరోగ్యంగా ఉంది. నేను దగ్గరికి వెళ్లి జేబు ముందుకు పెట్టి నిలబడ్డాను. గొర్రె వాసన చూసి, తుమ్మి, తలతో ఒక్క తోపు తోసింది.