వంపు తిరిగే గూడ్సు బండి

నా భార్యకు గూడ్సు బళ్ల పిచ్చి నలభై ఆరో ఏట పట్టుకుంది. అప్పటికి మేం సింగపూర్ వచ్చి పద్దెనిమిదేళ్లు. రాఫెల్స్ ప్లేస్‌లో చెరో ఆఫీసు, బెడోక్‌లో ఫ్లాట్, కాలేజీకి వెళ్లే ఒక్క కూతురు. ఒకసారి సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు అరకు బండి ఎక్కాం. కొండల్లో ఒకచోట మా బండిని ఆపి, ఇనుప ఖనిజం మోసుకొస్తున్న గూడ్సుకు దారిచ్చారు. వంపు దగ్గర దాని ఇంజన్లూ, చివరి పెట్టే ఒకేసారి కనిపించాయి. ఆ చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా తను కిటికీ చువ్వలకు ఆనించిన మొహం తియ్యలేదు.

తిరిగి రాగానే కెమెరా కొనుక్కుంది. ఇక్కడ గూడ్సు బళ్లు లేవు. కొన్నాళ్లు ప్లాట్‌ఫాం చివర నిలబడి ఎంఆర్‌టీ మెట్రో రైళ్లనే తీసింది. "ఇవి బరువు మోస్తున్నట్టు ఉండవండీ" అని మానేసింది. అప్పటి నుంచి ఏటా వానాకాలంలో నాలుగు రోజులు సెలవు పెట్టి, ఆ కొండ దగ్గరికి ఒక్కతే వెళ్లేది.

మూడో ఏడు బయల్దేరే ముందు నేను నోరు జారాను.

"ఈ వయసులో కొండలెక్కి గూడ్సు బళ్ల ఫొటోలేంటి? నలుగురూ నవ్వుతారు."

తను సూట్‌కేసు జిప్పు బర్రున లాగింది. ఎయిర్‌పోర్టుకు వెళ్లే టాక్సీలో దారంతా కెమెరా లెన్సు తుడుచుకుంటూ కూర్చుంది.

అక్కడ తను నిలబడే చోటు నాకు ఫొటోల్లో బాగా తెలుసు. పట్టాలకు చాలా పైన, ఏటవాలు మీద ఒక బండరాయి. ఫొటో తియ్యగానే కెమెరా తెర మీది బొమ్మను ఫోన్‌తో తీసి నాకు పంపేది. వెంటనే ఇంకో మెసేజ్ వచ్చేది: "అయింది, దిగుతున్నా."

ఆ శనివారం ఉదయం పదకొండుకు ఫొటో వచ్చింది. రెండో మెసేజ్ రాలేదు.

పావుగంట చూసి ఫోన్ చేశాను. అందుబాటులో లేరంది. మళ్లీ చేశాను. మళ్లీ అదే మాట. అప్పుడు ఫొటోను పెద్దది చేసి చూశాను. ఇంజను సూటిగా మీదికి వస్తున్నట్టుంది. అడుగున పట్టాల పక్క కంకర రాళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా, పిడికిలంత కనిపిస్తున్నాయి. పై నుంచి తీస్తే అలా కనిపించవు. అంటే పట్టాల దగ్గరికి దిగింది. ఎందుకు దిగింది?

గదిలోంచి మా అమ్మాయి వచ్చి నా భుజం మీదుగా చూసింది. "పా, బ్యాటరీ డెడ్ లా. చిల్." అని సింగపూర్ యాసలో అన్నదే గానీ, లోపలికి వెళ్లలేదు. నా పక్కనే కూర్చుని తనూ వాళ్లమ్మ నంబరు నొక్కడం మొదలుపెట్టింది.

తను బస చేసే లాడ్జి ఆయనకు ఫోన్ చేశాను. "మేడమ్ గారు తెల్లారకుండానే ఆటోలో ఎళ్లారండి. ఇక్కడ వాన దంచుతోందండి. ఆటోవోణ్ణి పంపుతాను గానీ, దారంతా బురద. లేటవుద్దండి" అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఎదురు ఫ్లాట్ ఆంటీ తలుపు తట్టింది. ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. డెబ్బై దాటాయి. వాళ్ల నాన్న అక్కడి రైలు మార్గంలో పట్టాలు చూసే కూలీ.

"ఏం తంబీ, మొహం అట్లుంది? మకాన్ అయిందా, తిన్నావా?"

జరిగింది చెప్పి ఫొటో చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"అలామక్! ఇది నిలబడి తీసింది గాదు. మా నాయన పక్కన నేనట్లా కింద కూర్చొని బండి చూసేదాన్ని. కూర్చుంటేనే రాళ్లు ఇంత లావు కనబడతాయి."

వానలో, బండి వస్తుంటే, పట్టాల పక్కన మనిషి ఎందుకు కూర్చుంటుంది? మా అమ్మాయి చప్పుడు చెయ్యకుండా విమానం టికెట్లు వెతకసాగింది.

ఆంటీ మా వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగింది. "నాయన పొద్దుపోయినా రాకపోతే మా అమ్మ ముందు అన్నం వండేది. ఏడుపు తర్వాత" అంది. నాలుగు ముద్దలు తిన్నాను. రుచి తెలియలేదు. నవ్వుతారన్న నా మాటే చెవుల్లో తిరుగుతోంది. తను విన్న నా ఆఖరి మాట అదే అయితే?

నాలుగు దాటాక తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, రైల్వే గ్యాంగ్‌మన్‌నండి. అమ్మగారు మా దగ్గరే స్టేషన్లో ఉన్నారండి. భయం లేదండి, కాలే విరిగినట్టుంది. ఇదిగో, మాట్లాడండి."

తర్వాత తన గొంతు. "ఏవండీ, ఫొటో వచ్చిందా?"

మా అమ్మాయి ఫోన్ లాక్కుని "అమ్మా!" అని ఏడ్చేసింది. ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, "ఎక్కడికెళ్లావమ్మా, ఎక్కడికెళ్లావు" అని తెలుగులోనే అడుగుతూ ఉండిపోయింది.

జరిగింది ఇది. బండరాయి కింద మట్టి నాని, జారింది. మట్టితో పాటు తనూ జారి పట్టాల పక్క కాలవ గట్టు మీద పడింది. మడమ దగ్గర ఎముక విరిగి లేవలేకపోయింది. బండి తగలనంత దూరంలోనే ఉంది గానీ, అంతలో గూడ్సు వచ్చింది.

"కదల్లేను. బండి వచ్చేస్తోంది. కెమెరా మెడలోనే ఉంది. ఇంకేం చెయ్యను? తీశాను."

ఇంజన్లో ఆయన తనను చూసి, హారన్ మోగిస్తూ వెళ్లి, ముందు స్టేషన్‌కు కబురు చెప్పాడు. గ్యాంగ్‌మన్‌లు వానలో నడిచి వచ్చి, స్ట్రెచర్ లేక దుప్పట్లో మోసుకెళ్లారు. ఈలోగా తను నాకు ఫొటో పంపి, పడిపోయానని రాయబోతుంటే ఫోన్ చేతిలోంచి జారి కాలవ నీళ్లలో కొట్టుకుపోయింది.

"ముందు ఫొటో పంపావా?" అని కోపంగా అరిచాను.

"దెబ్బ సంగతి ముందు చెబితే మీరు ఫొటో చూడరుగా."

మర్నాడే బయల్దేరి వెళ్లి, కట్టుతో ఉన్న మనిషిని వెంటబెట్టుకు వచ్చాను. విమానంలో, నవ్వుతారన్న మాటకు క్షమాపణ చెప్పాను. "మీరు తప్ప ఎవరూ నవ్వలేదు" అని దుప్పటి కప్పుకుంది.

మరుసటి ఏడు వెళ్లొద్దనే ధైర్యం నాకు లేకపోయింది. ఒంటరిగా పంపే ధైర్యం అసలే లేదు. తోడు వెళ్లాను. ఈసారి పాత చోటికి అవతల, గట్టి రాతినేల మీద నిలబడింది. నేను వెనక నిలబడి తన బ్యాగు పట్టీని రెండు చేతులతో పట్టుకున్నాను. ముందు కాళ్ల కింద రాయి అదిరింది. తర్వాత వంపు అవతలి సొరంగంలోంచి చప్పుడు వచ్చింది. వంపు అంతా నిండిపోయేలా బండి చాలాసేపు సాగింది.

"చూశారా, ఎలా ఒంగిందో!" అంది వెనక్కి తిరక్కుండానే.

"చూశాను" అన్నాను. నేను చూస్తున్నది తన మడమల కింది నేలను. చివరి పెట్టె దాటిపోయాక కూడా పట్టీ వదల్లేదు. అరచేతుల్లో దాని అచ్చు పడింది.