షా అక్క తిప్పిన రాగి గిన్నె

నేను మొదటిసారి వెళ్లినప్పుడు షా అక్క లేత్ మీద గ్యాస్ పొయ్యిలకు ఇత్తడి బర్నర్లు తిప్పి చేస్తోంది. 2004 వేసవి. తైపే పక్కనున్న శాన్‌చోంగ్‌లో ఆ సందు పొడవునా ఇళ్ల కింది గదులన్నీ అప్పట్లో ఇలాంటి వర్క్‌షాపులే. ఒకరు మరలు చేస్తే పక్కవారు వాటికి పూత పూసేవారు, ఆ పక్కవారు డబ్బాల్లో సర్దేవారు. అప్పటికే ఏడుగురు నా చేతిలోని కాగితం మీద గీసిన బొమ్మ చూసి కుదరదని పంపేశారు. ఎనిమిదో గుమ్మం ఆమెది.

"ఏం పని?" లేత్ మిషన్ ఆపకుండానే అడిగింది.

"రాగి గిన్నె కావాలక్కా. గ్లాసంత ఉంటే చాలు. అడుగు మాత్రం అద్దంలా చదునుగా ఉండాలి."

"దేనికి? కషాయం కాచుకుంటావా?"

"కాచడానికి కాదు, చల్లబరచడానికి. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది కదా, దాని చిప్పు మీద ఈ గిన్నె బిగించి ద్రవ నత్రజని పోస్తాం. సున్నాకి వంద డిగ్రీల కిందికి పోతుంది. అప్పుడు కార్డుని కంపెనీ పెట్టిన వేగం కన్నా బాగా ఎక్కువ పరుగెత్తించొచ్చు."

"పరుగెత్తించి?"

"ఎంత వేగం వచ్చిందో కొలుస్తాం."

"కొలిచి?"

"అంతే అక్కా."

ఆమె మిషన్ ఆపేసింది. వెనక వెదురు కుర్చీలో టీ తాగుతున్న ఆమె భర్త ఫూ-లాయ్ పకపకా నవ్వాడు. "ఈ మనిషికి పెళ్లి కాలేదే. కావాలంటే రాసిస్తా."

"నువ్వు టీ తాగు," అని, నా కాగితాన్ని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూసింది. "శనివారం రా అబ్బాయ్."

నాకప్పుడు ముప్పై ఒకటి. పెళ్లి కాలేదన్న మాట నిజమే.

ఆమె పూర్తి పేరు జియెన్ యుయె-షా. యున్‌లిన్‌లో వెల్లుల్లి పండించే కుటుంబం. పదిహేనేళ్ల వయసులో శాన్‌చోంగ్ కార్ఖానాకి వచ్చింది. అక్కడ ఆడపిల్లల పని డబ్బాల్లో సర్దడం వరకే; లేత్ దగ్గరికి రానిచ్చేవారు కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ బల్లల మీద తల వాల్చి కునుకు తీస్తుంటే, ఆమె చివరి మిషన్ దగ్గర తుక్కు ముక్కలు పెట్టి తిప్పుకునేది. ఒక శనివారం మేస్త్రీ నిద్ర లేచి చూశాడు. ఆమె చేసిన ముక్క తీసుకుని, వేలితో తడిమి, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఉద్యోగం పోయిందనుకుని రాత్రంతా ఏడ్చిందట. సోమవారం వెళ్లేసరికి ఆ చివరి మిషన్ ఆమెకి ఇచ్చేశారు.

పక్క మిషన్ ఫూ-లాయ్‌ది. "పని నేనే నేర్పానని అందరికీ చెప్పుకుంటాడు. నా మిషన్ చప్పుడు విని తన పని సరిచేసుకునేవాడు, అడుగు!" అనేది. ఆయన కాదనేవాడు కాదు.

శనివారానికి గిన్నె సిద్ధమైంది. నా స్నేహితుడు రెన్ తన కొత్త కార్డు తెచ్చాడు. కంప్యూటర్ సామాన్లు అమ్మే గ్వాంగ్‌హ్వా మార్కెట్ ఇంకా వంతెన కిందే ఉన్న రోజులవి, అక్కడ మూడు వారాలు తిరిగి తిరిగి సంపాదించిన కార్డు. బర్నర్ల బల్ల మీదే అన్నీ బిగించాం. రెన్ ఉక్కు ఫ్లాస్కు నుంచి నత్రజని పోస్తుంటే తెల్లటి పొగ బల్ల అంచు మీదుగా నేలకి జారింది. గిన్నె చుట్టూ మంచు పువ్వులా విచ్చుకుంది. షా అక్క చేతులు వెనక్కి కట్టుకుని, చెవి కాస్త ముందుకు పెట్టి నిలబడింది. పోస్తూ ఉంటే మొదట సన్నగా బుస వస్తుంది. చాలాసేపటికి రాగి ఒక్కసారి గట్టిగా అరిచి, మళ్లీ నిశ్శబ్దమైపోతుంది. ఆ అరుపు సున్నా కింద నూట యాభైకి దగ్గరలో వస్తుందని మా మీటర్ చెప్పింది.

ఇరవై నిమిషాలకి కంప్యూటర్ తెర ఆరిపోయింది. మంచు కరిగిన నీళ్లు కార్డులోకి దిగి అది పాడైపోయింది. రెన్ కార్డుని అరచేతుల్లో పట్టుకుని కూర్చుండిపోయాడు. ఫూ-లాయ్ కూడా ఎగతాళి చేయలేదు. లేచి అతని ముందు టీ కప్పు పెట్టాడు.

"తప్పు గిన్నెది కాదు," అంది షా అక్క. "నీళ్లకి దారి వదిలాం. అంతే."

ఆ తర్వాత రెండేళ్లు మా శనివారాలన్నీ అక్కడే గడిచాయి. బొమ్మలు గీసేవాళ్లు వాడే మెత్తటి రబ్బరుని పిండిలా పిసికి చిప్పు చుట్టూ ఆమే నొక్కేది, ఒక్క సందు వదలకుండా. గిన్నె వేడిని త్వరగా లాగడం లేదని నేను ఒకసారి గొణిగాను. మరుసటి వారం వెళ్లేసరికి గిన్నె లోపలి అడుగున తొమ్మిది గుంటలు తొలిచి ఉన్నాయి.

"ఇదేంటక్కా?"

"సూపులోకి తామర దుంప కోస్తుంటే లోపలి బొక్కలు చూసి తట్టింది. ఎన్ని బొక్కలుంటే అంత రాగికి నత్రజని తగులుతుంది కదా?"

"నాకు మాత్రం ఆ రోజు సూపు లేదు," అన్నాడు ఫూ-లాయ్. "దుంప మిషన్ పక్కన పెట్టుకుని కొలతలు తీసుకుంది."

గిన్నె అడుగుని మిషన్ మీద వదిలేసేది కాదు. గాజు పలక మీద ఉప్పు కాగితం పరిచి, గిన్నెని ఎనిమిది అంకెలా తిప్పుతూ చేత్తో అరగదీసేది. ఆ గరగర, రాగి పొడి వాసన, రేడియోలో పాత తైవానీ పాటలు. ఆ గదిలో ఎండ పడే చోటు కూడా నాకు గుర్తుంది.

2006లో తైపేలో కార్డుల వేగం పెంచే పోటీ పెట్టారు. శనివారం మధ్యాహ్నం, పెద్ద ప్రదర్శనశాల, ఆరు జట్లు, గంట సమయం. షా అక్క జీవితంలో మొదటిసారి అలాంటి చోటికి వచ్చింది. ఆవిరి రొట్టెల డబ్బా ఒళ్లో పెట్టుకుని తాడు అవతల ముందు వరుసలో కూర్చుంది.

ముప్పావుగంట గడిచేసరికి మా తెర మూడుసార్లు ఆరిపోయింది. మీటర్ మీద సున్నా కింద తొంభై రెండు. చలి చాలడం లేదనుకుని రెన్ ఇంకా పోస్తున్నాడు. ఇంతలో వెనక నుంచి నా పేరు పెట్టి కేక.

"ఒరేయ్ లియాంగ్! పోయడం ఆపమను వాణ్ని!"

హాలంతా అటు తిరిగింది. ఆమె లేచి నిలబడి ఉంది.

"మీటర్ తొంభై రెండే చూపిస్తోందక్కా!"

"మీటర్ అబద్ధం చెబుతోంది! గిన్నె ఎప్పుడో అరిచింది, ఈ గోలలో మీకు వినబడలేదు. తీగ ఊడిందేమో చూడు!"

చూశాను. చలిని కొలిచే తీగ గిన్నె రంధ్రం నుంచి బయటికి వచ్చి మంచులో వేలాడుతోంది. లోపలికి నెట్టగానే అంకె గబగబా దిగి నూట డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. ఆ కార్డు నూట ముప్పై దాటి చల్లబడితే మొరాయించే రకం. గ్యాస్ టార్చితో గిన్నెని మెల్లగా వెచ్చబెట్టాను. నూట పదిహేను దగ్గర తెర వెలిగింది. వేగం వెయ్యి మెగాహెర్ట్జ్ దాటింది. రెన్ నా మెడ పట్టుకుని ఊపేశాడు.

మాకు రెండో స్థానం వచ్చింది. గెలిచిన కొరియా ఆయన మా బల్ల దగ్గరికి వచ్చి, గిన్నె తిరగేసి, అడుగులో తన ముఖం చూసుకున్నాడు. ఎవరు చేశారని అడిగితే రెన్ తాడు అవతలికి చూపించాడు. అప్పటికి షా అక్క నోటి నిండా రొట్టె ఉంది. ఆయన వంగి రెండు చేతులా తన విజిటింగ్ కార్డు అందించాడు. ఇవ్వడానికి ఆమె దగ్గర కార్డు లేదు. డబ్బా తెరిచి ఒక రొట్టె ఇచ్చింది.

తర్వాత నాలుగేళ్లలో ఆమె గిన్నెలు కొరియాకీ ఫిన్లాండ్‌కీ వెళ్లాయి. మెల్లగా కంపెనీలు ఎవరూ వేగం పెంచకుండా కార్డులకి తాళాలు వేయడం మొదలుపెట్టాయి. రెన్‌కి కవలలు పుట్టారు. 2012లో ఫూ-లాయ్ నిద్రలోనే పోయాడు. మూడేళ్లకి ఆ సందు కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. లేత్‌ని తుక్కుబండి ఎక్కించే రోజు నన్ను రావద్దంది. వెళ్లలేదు.

పోయిన శరత్కాలంలో లూజోలో ఆమె ఫ్లాటుకి వెళ్లాను. పొరుగువాళ్లతో మాజాంగ్ ఆడుతోంది. నన్ను చూసి ఆట ఆపేసింది.

"ఇప్పటి కార్డులు ఎంత వేగంరా?"

"రెండున్నర వేలక్కా. కొత్తది డబ్బా విప్పి పెడితే చాలు, ఉత్త ఫ్యానుతో."

"మనం చచ్చీచెడీ తెచ్చింది వెయ్యేగా!" నవ్వేసింది. "పోనీలే. మనవి చేత్తో తెచ్చుకున్నవి."

మూడు గంటలు దాటితే సేమియా అయిపోతుందని నన్ను తొందరపెట్టి, కింద వీధిలో ఆల్చిప్పల సేమియా తినడానికి తీసుకెళ్లింది. తన గిన్నెలోని ఆల్చిప్ప మాంసమంతా ఏరి నా గిన్నెలో వేసింది. నాకు యాభై రెండేళ్లని గుర్తుచేశాను.

"అయితే ఏం? ఎముకలే కనబడుతున్నాయి. తిను," అంది.