చక్రాల కుర్చీ వెనక మనిషి

ఈ ఆసుపత్రి కట్టించినాయనకు ఎన్నడూ కాలు విరిగి ఉండదు. ఎముకల డాక్టరు ఒక కొసన, ఎక్స్‌రే గది ఇంకో కొసన. రక్తపరీక్ష మధ్యలో ఎక్కడో మెట్ల కింద నక్కి ఉంటుంది. ఓపీ చీటీ పట్టుకుని వచ్చినవాళ్లు ఈ మూడింటి మధ్యా కాళ్లరిగేలా తిరగాల్సిందే. తిరగలేనివాళ్లను మా ఆయా చక్రాల కుర్చీలో తిప్పుతుంది.

కుర్చీలో కూర్చున్నవాళ్లకు వెనక తోసేవాళ్ల మొహం కనబడదు. అందుకేనేమో, వరండా పొడుగునా మనసు విప్పేస్తారు. కోడలి అలకలు, అల్లుడి తాగుడు, పక్కింటివాళ్లతో గోడ తగాదా, అన్నీ ఆయా చెవినే పడతాయి. ఆమె 'అయ్యో', 'అలాగా' అంటూ తోస్తుంది. సాయంత్రం గదికి పోయి తలుపు తీస్తే పలకరించే దిక్కు లేదు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్న ఒక్క తమ్ముడూ అవసరం ఉంటేనే ఫోన్ చేస్తాడు, అదీ తన అవసరం.

ఈమధ్య ఆమెకు చూపు మందగించింది. రెండుసార్లు కుర్చీని గుమ్మానికి కొట్టింది. కళ్లు చూపించుకుని డాక్టరు చేత రాయించుకు రాకపోతే సోమవారం నుంచి కుర్చీ ముట్టుకోవద్దని సూపర్‌వైజరు మెత్తగానే చెప్పాడు. జీతం సంగతి అలా ఉంచితే, ఆ పని పోతే ఆమెకు మాట్లాడే మనుషులే పోతారు.

శనివారం సెలవు పెట్టి, అందరిలాగే టోకెన్ తీసుకుని, కళ్ల విభాగం బెంచీ మీద కూర్చుంది. అక్కడి నర్సు కొత్తమ్మాయి, ఆయాను ఎరగదు. కంట్లో చుక్కలు వేస్తే కాసేపు అంతా మసకేస్తుంది, తోడు లేనిదే వెయ్యనంది. వస్తానన్న తమ్ముడు ఫోనే ఎత్తలేదు. నర్సు వచ్చే నెలకు తేదీ రాయబోయింది.

పక్కనే మోకాళ్ల నొప్పుల మామ్మ ఒకామె చక్రాల కుర్చీలో ఉంది. కళ్లజోడు రాయించుకుని, కొడుకు కోసం చూస్తోంది. నెలనెలా ఆయా తిప్పే మనిషే. ఆయా ఎదురుగా వెళ్లి నిలబడి, కాసేపు తనకు తోడుగా ఉంటారా అని గొణిగింది. మామ్మ ఎగాదిగా చూసింది.

"ఎవరమ్మా నువ్వు?"

ఆయాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ వెనక్కి వెళ్లి, పిడులు పట్టుకుని, చిన్న కోడలు పుట్టింటి నుంచి వచ్చిందా అని అడిగింది.

"ఓసి నువ్వటే. ఇంత పొట్టిదానివని అనుకోలేదు సుమా," అని మామ్మ నర్సు వైపు తిరిగింది. "మా అమ్మాయే. చుక్కలు వేసెయ్యమ్మా."

ఒక కంట్లో శుక్లం మొదలైంది, ప్రస్తుతానికి అద్దాలతో నెట్టుకురావచ్చు, పని మానక్కర్లేదని డాక్టరు రాసిచ్చాడు. ఇద్దరూ గేటుకు బయల్దేరారు. ఆయాకు చూపు లేదు, మామ్మకు నడక లేదు. ఆయా తోస్తుంటే మామ్మ "కుడికి తిప్పు, మెల్లిగా, బకెట్ ఉంది" అని దారి చెప్పింది. ఎవరికి ఎవరు తోడో చూసినవాళ్లకు అంతుపట్టలేదు. ఆయా మాత్రం చాలా ఏళ్ల తర్వాత గట్టిగా నవ్వింది.

గేటు దగ్గర కొడుకు ఆటో ఆపి, తల్లిని ఎత్తి కూర్చోబెట్టాడు. కుర్చీ లోపల పెట్టెయ్యమని ఆయాతో మర్యాదగానే చెప్పాడు. మామ్మ ఏదో చెప్పబోతుండగానే ఆటో కదిలింది.

ఆయాకు ఆ దారంతా కళ్లు మూసుకున్నా తెలుసు. అయినా గేటు దగ్గరే నిలబడిపోయింది. ఎవరైనా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళితే బాగుండుననిపించింది. అడగడానికి ఎవరూ లేక, ఖాళీ కుర్చీ తోసుకుంటూ తనే వెళ్లింది.