మింగని మందు

నా ట్రంకుపెట్టె అడుగున ఒక రేకు డబ్బా ఉంది. అరచేతిలో పట్టేంత. ఎత్తి చూస్తే బరువే ఉండదు. కానీ ఇన్నేళ్లుగా నన్ను వంగదీసింది అదే. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

డెబ్భైల నడిమి మాట. గవర్నర్‌పేటలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. పన్నెండు మంచాలు, ఐదుగురం పనివాళ్లం, ఒక డాక్టరు గారు. మేడ మీద నాకో గది. నా నోరంటే రోగులకే కాదు, వాళ్లను చూడవచ్చే చుట్టాలక్కూడా హడలు. వేళకు మందు మింగని వాళ్లను ఉతికి ఆరేసేదాన్ని. నవ్వొస్తోంది కదూ? చివరిదాకా వింటే రాదు.

ఆ ఏడు వానాకాలంలో ఊరంతా ఫ్లూ జ్వరం. డాక్టరు గారి స్నేహితుడొకాయన ఓడలో వైద్యుడు. ఆయన విదేశం నుంచి అమాంటడీన్ అనే మందు ఒక సీసా తెచ్చిచ్చాడు. వంద క్యాప్సూళ్లు. జ్వరం వచ్చిన రెండు రోజుల్లోపు మొదలుపెడితే తొందరగా తగ్గిస్తుందట. రాకముందే వేసుకుంటే చాలామందికి రాకుండా ఆపుతుందట. మా నుంచి రోగులకు అంటకూడదని డాక్టరు గారు సీసా మొత్తం మా ఐదుగురికే కేటాయించారు. రోజుకు రెండు చొప్పున పది రోజులు. మింగినట్టు పుస్తకంలో సంతకం పెట్టాలి.

నేను ఒక్కటీ మింగలేదు.

ఎందుకంటారా? హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో మా అమ్మ ఒక్కతే ఉండేది. ఉబ్బసం మనిషి. ఆయాసం వస్తే తలుపు పట్టుకుని నిలబడిపోయేది. దుక్కలా ఉన్న నేను మందు మింగడమేమిటి, రేపు అమ్మకు జ్వరమొస్తే ఏం చేయను? రోగం లేని ఒంటికి మందు వేయడం మా ఇంటావంటా లేదు. క్యాప్సూల్ నోట్లో వేసుకున్నట్టే వేసుకుని, కొంగులోకి జార్చి, సంతకం పెట్టేదాన్ని. పది రోజుల్లో డబ్బాలో ఇరవై చేరాయి.

తొమ్మిదో రోజున నాకు ఒళ్లు వెచ్చబడింది. చెబితే, మందు వేసుకున్నదానికి జ్వరమేమిటని అడుగుతారు. ఆస్ప్రిన్ మింగి డ్యూటీకి వెళ్లాను. ఏడో మంచం మీద సీతారత్నం ఉండేది. అవనిగడ్డ వైపు రైతు కుటుంబం, ముప్పై దాటలేదు. చిన్నప్పటి జబ్బుతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆయాసం తగ్గింది, నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తామన్నారు. ఆరేళ్ల కూతురికి జడలు వేయడం వాళ్లాయనకు రాదని ఒకటే బెంగ. "మా పిల్ల చింపిరి తలతోనే బడికెళ్తందండీ సిస్టరమ్మా" అని నవ్వేది. ఆమె దిండు సర్దాను. తల దువ్వాను. దగ్గొస్తే మొహం పక్కకు తిప్పుకున్నాను. నేను తీసుకున్న జాగ్రత్త అంతే.

మరో మూడు రోజులకు ఆమెకు జ్వరం వచ్చింది. పొద్దున డాక్టరు గారు స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత మమ్మల్నందర్నీ వరండాలోకి పిలిచారు.

"ఎవరి దగ్గరైనా ఆ క్యాప్సూళ్లు మిగిలాయా? మర్చిపోయి వేసుకోకపోతే చెప్పండమ్మా, నేనేం అనను. రేపటిలోగా మొదలుపెట్టాలి."

మిగతా నలుగురూ లేవన్నారు. ఆయన నా వైపు తిరిగారు.

"నువ్వు ఒక్క పూట కూడా మాని ఉండవులే, సిస్టర్."

"లేదండీ. అన్నీ వేసుకున్నాను."

తేలుకుట్టిన దొంగ కనీసం నోరు మూసుకుంటాడు. నేను నోరు తెరిచి అబద్ధమాడాను.

ఏమీ అననన్నారు కదా, ఎందుకు భయపడ్డాను? ఉద్యోగం పోతుందనా? అమ్మ నా జీతం మీదే బతికేది, అది నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. మందు మింగలేదని అందర్నీ తిట్టే మనిషే మందు మింగలేదని నలుగురికీ తెలిసిపోతుందని. పరువు. అంతకంటే పెద్ద కారణమేదీ ఎంత వెతికినా నాకు దొరకలేదు.

మధ్యాహ్నం మేడ మీదికి వెళ్లి డబ్బా తెచ్చాను. మందుల బీరువాలో ఏ మూలో పెట్టేస్తే ఎవరికో ఒకరికి కనబడుతుంది. తాళం తీశాను కూడా. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. లేక నేనే కావాలని గుర్తుచేసుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. మళ్లీ తాళం వేశాను. సాయంత్రం పెడదామనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి, పొద్దున పెడదామనుకున్నాను. అలా రెండు రోజులూ గడిచాయి.

మూడో రోజు డాక్టరు గారే అన్నారు, ఇక ఆ మందు దొరికినా లాభం లేదని.

ఇక్కడ ఆపేయాలనిపిస్తోంది. ఆపను. ఆ మాట వినగానే నాకు హాయి అనిపించింది. ఇక ఎవరూ అడగరు, ఇక నేను తేల్చుకోనక్కర్లేదు అని గుండె తేలికపడింది. దాచడం తప్పు, అబద్ధం తప్పు, వాటికి ఏదో ఒక సాకు చెప్పుకోగలను. పక్క గదిలో ఒక మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే నాకు ఆ హాయి ఎలా కలిగింది? ఛీ, ఏం మనిషిని నేను?

జ్వరం మొదలైన ఆరో రోజు సీతారత్నం పోయింది. వాళ్లాయన పిల్లను ఎత్తుకుని వచ్చాడు. ఎవరో జడలు వేసినట్టున్నారు, ఒకటి పైకి ఒకటి కిందికి. నేను విప్పి సరిగ్గా వేశాను. "కడదాకా బాగా చూశారండీ" అని ఆయన నాకు దణ్ణం పెట్టాడు.

మందు వేసినా బతికేది కాదేమో. జ్వరం నా వల్ల కాక ఏ చుట్టం వల్లో అంటుకుందేమో. ఆ ఏమోలను పట్టుకునే ఇన్నేళ్లు బతికాను. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాను. అవి మాత్రం మింగాను.

అమ్మకు ఆ జ్వరం రానే లేదు. ఆమె పోయింది, డాక్టరు గారూ పోయారు. క్యాప్సూళ్లు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పారేయడానికి చేయి రాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగాల్సిన పిల్ల ఎక్కడుందో తెలియదు, తెలిసినా వెళ్లే ధైర్యం ఉందో లేదో. ఆ వరండాలో అడిగిన మాటకు మాత్రం ఇవాళ జవాబు చెబుతాను.

ఉన్నాయి సార్. నా దగ్గర ఇరవై ఉన్నాయి.